బాటసింగారం బాటలో పాటల ఇంగ్లిష్

బాటసింగారం పండ్ల మార్కెట్లో పొద్దున్నే ఎవరైనా ‘పాట ఎంతకు పోయింది?’ అని అడిగితే, సినిమా పాట గురించి అనుకోకండి. ఇక్కడ పాట అంటే వేలం పాట. మామిడికాయల కుప్ప ముందు నిలబడి ఒకాయన ధర పలుకుతుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు పెంచుకుంటూ పోతారు. ఆ పలకడంలో ఒక లయ ఉంటుంది. తడబాటు ఉండదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా ముందే తెలిసినట్టు సాగిపోతుంది.

అదే ఊళ్లో సాయంత్రం ఇంకో రకం పాట వినిపిస్తుంది. ఇంగ్లిష్ పాట. పాడేవాళ్లలో ఒక క్యాబ్ డ్రైవర్, గోడౌన్‌లో పనిచేసే ఒకమ్మాయి, రెండో తరగతి పిల్లాడి తల్లి, మార్కెట్లో గుమాస్తా ఉన్నారు. వీళ్లెవరికీ సింగర్ అవ్వాలన్న కోరిక లేదు. ఎదుటి మనిషితో నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌లో మాట్లాడగలిగితే చాలు. పాటలతో స్పోకెన్ ఇంగ్లిష్ నిజంగా వస్తుందా? అది చూడ్డానికే ఓ శనివారం పొద్దున్నే బయల్దేరి, రాత్రి దాకా అక్కడే ఉన్నాను.

దిల్‌సుఖ్‌నగర్ దాటితే...

ఊళ్ల నుంచి హైదరాబాద్ వచ్చే కుర్రాళ్లకి దిల్‌సుఖ్‌నగర్ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. బ్యాగు భుజాన వేసుకుని బస్సు దిగడం, హాస్టల్ వెతుక్కోవడం, కోచింగ్‌లో చేరడం... చాలామంది కథ ఇక్కడే మొదలవుతుంది. మెట్రో మెట్లు దిగగానే ఎటు చూసినా బోర్డులే. గ్రూప్స్, బ్యాంక్స్, సాఫ్ట్‌వేర్ కోర్సులు, వాటి మధ్యలో స్పోకెన్ ఇంగ్లిష్. 30 రోజుల్లో అని ఒకరు, 45 రోజుల్లో అని ఇంకొకరు. మెస్సులో చపాతీ కోసం లైన్లో నిలబడి టెన్సులు బట్టీ పట్టేవాళ్లు కూడా కనిపిస్తారు.

అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగర్. రైల్లో ప్రతి స్టేషన్‌కీ తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో అనౌన్స్‌మెంట్ వస్తుంది. రోజూ అవే వాక్యాలు, అదే గొంతు, అదే తీరు. కొన్నాళ్లు తిరిగితే ఎవరూ నేర్పకుండానే మొత్తం నోటికి వచ్చేస్తుంది. నా పక్కన నిలబడ్డ ఇద్దరు స్టూడెంట్స్ ఆ గొంతును అచ్చం అలాగే అనుకరిస్తూ నవ్వుకుంటున్నారు. ‘ఇప్పుడు నీ గురించి ఇంగ్లిష్‌లో చెప్పు’ అంటే వాళ్లలో ఎంతమంది ఆగకుండా చెప్పగలరో తెలీదు. ఆ అనౌన్స్‌మెంట్‌ని మాత్రం ఎక్కడా తడబడకుండా దించేశారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఎల్బీనగర్‌తో మెట్రో అయిపోతుంది. అక్కణ్నుంచి విజయవాడ హైవే. వనస్థలిపురం, హయత్‌నగర్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటితే సిటీ పలచబడుతుంది. ఫ్లాట్ల బదులు వెంచర్ల బోర్డులు, గోడౌన్లు, ధాబాలు, మధ్యమధ్యలో ఇంజినీరింగ్ కాలేజీ బస్సులు. బాటసింగారం ఇక్కడే, రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉంది. రామోజీ ఫిల్మ్‌సిటీ కూడా ఈ దారిలోనే.

ఒకప్పుడు ఈ ఊరి పేరు సిటీవాళ్లలో చాలామందికి తెలీదు. దశాబ్దాల పాటు కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని 2021లో ఇక్కడి లాజిస్టిక్స్ పార్కుకి మార్చారు. పాత స్థలం హాస్పిటల్ కోసం ఇచ్చారు, శాశ్వత మార్కెట్ కోహెడలో అన్నారు. అలా దిల్‌సుఖ్‌నగర్ పక్కనుండే హమాలీలు, గుమాస్తాలు, కమీషన్ ఏజెంట్లు, చాయ్ బండ్లవాళ్లు హైవే మీద పాతిక కిలోమీటర్ల అవతలికి రావాల్సి వచ్చింది. వాళ్ల వెనకాలే డీసీఎంలు, ట్రాలీ ఆటోలు. మామిడి, బత్తాయి, పుచ్చకాయ, బొప్పాయి. నాగ్‌పూర్ కమలాలతో వచ్చిన లారీ డ్రైవర్‌తో హిందీ, రైతుతో తెలుగు, ఫోన్లో పెద్ద కొనుగోలుదారుతో ఇంకో భాష. మొదటి రెండింటికీ ఇక్కడ ఎవరూ భయపడరు. మూడోది ఇంగ్లిష్ అయిందంటే మాత్రం ఫోన్ చేతులు మారుతుంది.

కిరాణా కొట్టు పైన క్లాసు

నేను చూసిన క్లాసు ఒక కిరాణా కొట్టు పైగదిలో జరుగుతుంది. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక వైట్‌బోర్డు, ఒక బ్లూటూత్ స్పీకర్. నేర్పేది ప్రభుత్వ బడిలో పనిచేసి రిటైరైన ఒక మేడం. పేరు రాయొద్దన్నారు. ఫీజు లేదు. స్పీకర్ చార్జింగ్ పెట్టే డ్యూటీ మాత్రం వారానికొకరికి పడుతుంది.

క్యాబ్ డ్రైవర్ నా పక్కన కూర్చున్నాడు. ఫిల్మ్‌సిటీ చూడ్డానికి వచ్చే టూరిస్టులని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తుంటాడు. ‘‘ఇంగ్లిష్ సమజైతది అన్నా. ఆళ్లు చెప్పేది మొత్తం తెలుస్తది. జవాబు చెప్పేటప్పుడే నోరు తిరగదు. అందుకే యెస్ సార్, ఓకే సార్ అని గమ్మునుంట’’ అన్నాడు.

రెండో తరగతి పిల్లాడి తల్లిది ఇంకో బాధ. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి సర్కారు బళ్లలోనూ ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పిల్లాడు బడి నుంచి వచ్చి పుస్తకం తెరుస్తాడు. ‘‘నేను పదో తరగతి పాసైన సార్, తెలుగు మీడియం. వాడు ఏదన్న అడిగితే డాడీ వచ్చినంక చెప్తడు అంట. వాళ్ల డాడీకీ రాదు. వాడికింకా ఆ సంగతి తెల్వదు. తెలిసేలోపు నేర్చుకోవాలె’’ అందామె. నవ్వుతూనే చెప్పింది కానీ గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

ఇంటర్ చదివే అమ్మాయిని బండి మీద దించడానికి వాళ్ల నాన్న వచ్చాడు. మార్కెట్లో హమాలీ. గుమ్మం దగ్గరే నిలబడి మేడంని సూటిగా అడిగేశాడు. ‘‘నాకు తెల్వక అడుగుతున్న మేడం. పాటలు పాడితే కొలువొస్తదా?’’

మేడం కోపగించుకోలేదు. ‘‘రాదన్నా. పాట నోటిని తయారు చేస్తది. కొలువు అడగాల్సింది నోరే గదా. కూసోండి, చూసి పోండి’’ అన్నారు. ఆయన కూర్చున్నాడు.

మాట చివర తగిలే తోక

పాట కన్నా ముందు మేడం బోర్డు మీద ఐదు మాటలు రాశారు. బస్, కార్, రోడ్, పెన్, బుక్. చదవమంటే అందరూ ఒక్క గొంతుతో ‘బస్సు, కారు, రోడ్డు, పెన్ను, బుక్కు’ అన్నారు.

ఇందులో మన తప్పేం లేదు. తెలుగు అజంత భాష. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని తెలుగుని మెచ్చుకునేది ఈ తీయదనం వల్లే. కానీ ఇంగ్లిష్ మాటలు ఎక్కువగా హల్లు దగ్గర టక్కున ఆగుతాయి. అక్కడ మన నోటికి ఆగడం అలవాటు లేదు కాబట్టి ఒక ‘ఉ’ తగిలించి దిగుతాం. 2011లో దేశమంతా ఊగిపోయిన ధనుష్ పాట ‘వై దిస్ కొలవెరి డి’ గుర్తుందా? ఇంగ్లిష్ మాటలకి ఇలాంటి తోకలు తగిలించడమే అందులో సగం సరదా. దక్షిణాది వాళ్లందరం అందులో మన మాట తీరునే విన్నాం.

ఇంట్లో ‘బస్సు’ అంటే ఏ ఇబ్బందీ లేదు. అది తెలుగు మాట అయిపోయింది కూడా. కానీ ‘మై నేము ఈజు’ అని మొదలుపెడితే, ఎదుటివాడికి అర్థమవడం కాస్త లేటవుతుంది. వాడు ‘పార్డన్?’ అంటాడు. ఆ ఒక్క మాటకే మన ధైర్యం సగం పోతుంది.

పాట ఇక్కడ పనికొస్తుంది. తాళం ఎవరి కోసమూ ఆగదు. మాట చివర ‘ఉ’ తగిలిస్తే ఒక అక్షరం ఎక్కువై, తర్వాతి దెబ్బకి వెనకపడిపోతాం. ‘అలా పలకొద్దు’ అని ఎవరూ చెప్పక్కర్లేదు, పాటే తోకను కోసేస్తుంది. అది నా కళ్ల ముందే జరిగింది. మొదటిసారి పాడినప్పుడు గది మొత్తం సగం అక్షరం వెనక నడిచింది. నాలుగోసారికి తోకలు చాలా వరకు రాలిపోయాయి.

పండ్ల పేర్లతో దరువు

తర్వాత చేసింది నాకు బాగా నచ్చింది. మార్కెట్లో పొద్దున్నుంచీ చూసిన పండ్లనే ఇంగ్లిష్‌లో పలికించారు, చప్పట్లతో. ‘మ్యాంగో’లో దెబ్బ మొదటి అక్షరం మీద పడుతుంది. ‘ఆరెంజ్’, ‘వాటర్‌మెలన్’, ‘పామగ్రనేట్’ కూడా అంతే. ‘బనాన’కి మాత్రం దెబ్బ మధ్యలో. ‘పపాయ’కీ అంతే. మనం అన్ని అక్షరాలనీ సమానంగా, స్పష్టంగా పలుకుతాం. ఇంగ్లిష్‌వాళ్లు ఒకదాన్ని ఒత్తి, పక్కవాటిని దాదాపు మింగేస్తారు. ఏ అక్షరాన్ని ఒత్తాలో తప్పితే, స్పెల్లింగ్ అంతా కరెక్టే అయినా మాట వాళ్ల చెవికి అందదు.

ఇంటర్ అమ్మాయి చెయ్యెత్తి, ‘‘మేడం, బనాన అంటే జగణం కదా’’ అంది. యమాతారాజభానసలగం చదివిన వాళ్లకి వెంటనే తడుతుంది. లఘువు, గురువు, లఘువు. మేడం మొహం వెలిగిపోయింది. మన ఛందస్సు అక్షరం పొడవును కొలుస్తుంది, ఇంగ్లిష్ ఒత్తిడిని కొలుస్తుంది, రెండూ ఒకటి కాదు. కానీ పదో తరగతి తెలుగు క్లాసులో పద్యానికి గణాలు కట్టిన చెవికి, ఇంగ్లిష్‌లో దెబ్బ ఎక్కడ పడిందో పట్టుకోవడం కొత్త విద్యేం కాదు.

తర్వాత వాక్యాలు. ‘బాయ్స్ - సెల్ - ఫ్రూట్’ అంటూ మూడు చప్పట్లు. వెంటనే ‘ద బాయ్స్ - ఆర్ సెల్లింగ్ - ద ఫ్రూట్’. మాటలు పెరిగాయి కానీ చప్పట్లు మళ్లీ మూడే. చిన్న మాటలన్నీ రెండు చప్పట్ల మధ్య సందులో దూరిపోవాలి. సినిమాల్లో ఇంగ్లిష్ మనకి ఎందుకంత స్పీడుగా వినిపిస్తుందో ఈ ఒక్క ఆటతో అర్థమైపోతుంది. వాళ్లు అన్ని మాటలనీ పరిగెత్తించట్లేదు. చిన్నవాటిని నొక్కేస్తున్నారు, అంతే.

ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చిన టీచర్ కరోలిన్ గ్రాహమ్. న్యూయార్క్ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకి ఇంగ్లిష్ నేర్పుతూ, రోజువారీ అమెరికన్ మాటల్లోని లయ, జాజ్ సంగీతంలోని దెబ్బ ఒకేలా ఉన్నాయని గమనించారు. ఆమె ‘జాజ్ చాంట్స్’ పుస్తకం 1978లో వచ్చింది. అందులో రాగం కూడా ఉండదు. తాళానికి మాట్లాడటమే. కాబట్టి ‘నా గొంతు బాగోదు’ అనే సాకు ఇక్కడ చెల్లదు.

ఇంగ్లిష్‌కీ సంధులున్నాయి

‘ఏమి’ ప్లస్ ‘అంటివి’ ఎంత? ‘ఏమంటివి’. ఇత్వ సంధి. బడిలో మార్కుల కోసం చదివాం, ఆ తర్వాత మర్చిపోయాం. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు రోజంతా ఇలాంటి పనే చేస్తుంటారు. ‘పిక్ ఇట్ అప్’ వాళ్ల నోట్లో ‘పికిటప్’. ‘నాట్ ఎట్ ఆల్’ కాస్తా ‘నాటెటాల్’. ‘హౌ మచ్ ఇజ్ ఇట్’ అంటే ‘హౌమచిజిట్’. ముందు మాట చివరి హల్లు వెళ్లి తర్వాతి మాట మొదటి అచ్చుని పట్టుకుంటుంది.

పుస్తకంలో మాటల మధ్య ఖాళీలు కనిపిస్తాయి కాబట్టి, మనం మాట్లాడేటప్పుడు కూడా ఆ ఖాళీలు వదులుతాం. పాటలో ఖాళీలు ఉండవు. రాగం ఆగకుండా సాగాలంటే మాటలు కలిసిపోవాల్సిందే. మూడో, నాలుగో సారికి క్యాబ్ డ్రైవర్ నోట్లో ‘పికిటప్’ దానంతట అదే వచ్చేసింది. ‘‘అరే, కస్టమర్లు అనేది ఇదేనా! నేను ఇన్ని రోజులు ఇంకేదో మాట అనుకున్న’’ అని తనే ఆశ్చర్యపోయాడు. తన నోటితో కలిపి పలికాకే, అవతలివాళ్లు కలిపి పలికేది అతని చెవికి దొరికింది.

ట్యూన్ వాళ్లది, మాట మనది

ఇంతవరకూ నోటికి వ్యాయామం. మాట్లాడటం ఎప్పుడు? అసలు పని ఇప్పుడే మొదలైంది.

మేడం ఎంచుకున్న పాట ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’. కారణం చాలా సింపుల్. దీని హిందీ రూపం ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ మనలో చాలామంది బడిలో పాడినదే. రాగం తెలుసు, భావం తెలుసు, నిదానంగా సాగుతుంది. కొత్తగా నేర్చుకోవాల్సింది నోటి కదలిక ఒక్కటే. రెండుసార్లు పాడాక మేడం పాటని ఆపేసి, ఆ రాగంలో సరిపోయే ఐదక్షరాల వాక్యం ఎవరికి వాళ్లు తయారు చేసుకోమన్నారు. ఎవరికి ఏది అవసరమో అదే.

గుమాస్తా పాడాడు, ‘ఐ విల్ కాల్ యూ బ్యాక్’. క్యాబ్ డ్రైవర్ పాడాడు, ‘ఐ విల్ డ్రాప్ యూ దేర్’. పిల్లాడి తల్లి చాలాసేపు ఆలోచించి, పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్‌ని అడగాల్సిన మాట పాడింది, ‘హౌ ఇజ్ హి ఇన్ మ్యాథ్స్’. ఆ ఒక్క వాక్యం కోసం ఆమె ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తోందో మొహంలోనే కనిపించింది. తర్వాత రాగం తీసేసి చప్పట్లతో అనమన్నారు. ఆ తర్వాత చప్పట్లూ తీసేశారు. చివర్లో పక్కవాళ్ల కళ్లలోకి చూసి, మామూలుగా, నిజంగా అడుగుతున్నట్టు అనాలి. పాట వచ్చిన దారిలోనే మెల్లగా వెళ్లిపోయింది. వాక్యం మాత్రం నోట్లో మిగిలింది.

ఇలా మాటలు మార్చి పాడటం ఆషామాషీ కాదనుకునేవాళ్లకి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చినప్పుడు కీరవాణి స్టేజీ మీద ఏం చేశారు? చిన్నప్పటి నుంచి కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ ట్యూన్‌లో తన సొంత మాటలు పెట్టి కృతజ్ఞతలు పాడేశారు. ప్రపంచమంతా చూస్తున్న స్టేజీ మీద, నిమిషం కూడా లేని టైమ్‌లో, పరాయి భాషలో తన మనసులో మాట చెప్పడానికి ఒక తెలుగాయనకి చిన్ననాటి ఇంగ్లిష్ పాట తోడొచ్చింది. కార్పెంటర్స్‌లో ఒకరైన రిచర్డ్ కార్పెంటర్ కూడా తర్వాత తన కుటుంబంతో కలిసి అదే పాటని మాటలు మార్చి పాడి ఆయనకి అభినందనలు పంపారు. ట్యూన్ వాళ్లదే, మాటలు మాత్రం ఎవరివి వాళ్లవి.

మన సినిమాకి ఇంగ్లిష్ పాట కొత్తా కాదు. డోరిస్ డే 1956లో పాడిన ‘కే సెరా సెరా’ని 1965లో వచ్చిన ‘తోడు నీడ’లో మన భానుమతి పాడారు. చిన్నప్పుడు అమ్మని భవిష్యత్తు గురించి అడిగే ప్రశ్నలతో నడిచే పాట అది. ‘విల్’తో ప్రశ్న ఎలా వేయాలో నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా హాయైన పాఠం దొరకదు.

పాటతో రానిది

ఇక హమాలీ అన్న అడిగిన ప్రశ్నకి వద్దాం. పాట పాడితే పనవుతుందా?

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా యూనివర్సిటీ పరిశోధకులు 60 మంది పెద్దవాళ్ల మీద ఒక ప్రయోగం చేశారు. వాళ్లకి తెలియని హంగేరియన్ భాషలో చిన్న చిన్న వాక్యాలు 15 నిమిషాల పాటు నేర్పారు. కొందరు మామూలుగా, కొందరు తాళంతో, కొందరు పాటగా నేర్చుకున్నారు. తర్వాత ఆ వాక్యాలని తిరిగి చెప్పడంలో పాటగా నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. మంచి వార్తే. కానీ ఆ ప్రయోగం తేల్చింది విన్న వాక్యాన్ని గుర్తుపెట్టుకుని నోటితో చెప్పడం వరకే. ఎదుటివాడు అనుకోని ప్రశ్న వేస్తే జవాబు చెప్పడం వేరే పరీక్ష.

టిమ్ మర్ఫీ అనే పరిశోధకుడు 1992లో పాప్ పాటల భాషని లెక్కగట్టాడు. మామూలు మాటల్లో సగం వేగం, తేలిక పదాలు, మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలు, ఎక్కువగా నువ్వూ నేనూ. బిగినర్స్‌కి ఇది బంగారం లాంటిది. కానీ పాటల్లో ఎవరూ అడ్రస్ అడగరు, బిల్లు కట్టరు, లీవ్ పెట్టరు. ‘ఐన్ట్’, ‘గొనా’ లాంటివి విపరీతంగా ఉంటాయి. పాటలో బాగుంటాయి, ఇంటర్వ్యూలో కాదు. రాగం కోసం మాటని ఎక్కడపడితే అక్కడ సాగదీయడమూ మామూలే.

మెట్రోలో అనౌన్స్‌మెంట్‌ని అనుకరించిన కుర్రాళ్లు గుర్తున్నారా? వాళ్ల నోటికి వాక్యం వచ్చింది, కానీ అది వాళ్ల వాక్యం కాదు. వేల పాటలు నోటికొచ్చినా ఒక్క మాట మాట్లాడలేని వాళ్లు అందుకే ఉంటారు. వాళ్లకి పాట పాటగానే మిగిలిపోయింది. ఎక్కడా ఒక్క మాట మార్చి తమ సొంతం చేసుకోలేదు.

క్లాసు అయ్యాక మెట్ల మీద ఇదే మాట మేడం వివరిస్తుంటే, హమాలీ అన్న మధ్యలో అందుకున్నాడు. ‘‘గట్ల చెప్పు మేడం. మా దగ్గర గూడ అంతే. పాట పాడినోడే సరుకు ఎత్తాలె. పాడి గమ్మున పోతనంటే ఒప్పుకోరు’’ అన్నాడు. వేలంలో ధర పలికితే అది నీ మాట. ఆ సరుకు నీదే, డబ్బు కట్టాల్సిందీ నువ్వే. ఇంగ్లిష్ వాక్యం కూడా అంతే. పాడినవాడే దాన్ని ఎత్తుకుని బజారుకి పోవాలి. నా మటుకు నాకు ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పిల్లాడి తల్లిని ‘ఈ వయసులో పాటలంటే సిగ్గనిపించలేదా’ అని అడిగాను. ‘‘ఒక్కదాన్నే నిలబడి మాట్లాడమంటే సిగ్గు సార్. అందరితోని కలిసి పాడితే నా తప్పు నాకే ఇనిపిస్తది, వేరేటోళ్లకు ఇనిపియ్యది. గంతే’’ అంది. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో మొదటి రోజే స్టేజీ ఎక్కించి ‘సెల్ఫ్ ఇంట్రడక్షన్’ అడిగి, రెండో రోజుకి సగం మందిని పోగొట్టుకునే వాళ్లు ఈ మాట ఒకసారి ఆలోచించాలి.

మీరూ మొదలుపెట్టాలంటే

* నిదానంగా సాగే, ప్రతి మాటా విడిగా వినిపించే పాట ఒక్కటే తీసుకోండి. కార్పెంటర్స్ పాటలు దీనికి బాగుంటాయి. ర్యాప్ తర్వాత చూసుకోవచ్చు.
* మొదటి రోజు లిరిక్స్ చూడకండి. మూడుసార్లు వినండి. వినిపించిన మాటలని తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. ఆ తర్వాతే లిరిక్స్‌తో పోల్చండి. ఎక్కడ సంధి జరిగిందో అప్పుడు దొరుకుతుంది.
* చప్పట్లు కొడుతూ పాడండి. దెబ్బ ఏ అక్షరం మీద పడిందో దాని కింద గీత గీయండి.
* ఫోన్లో మీ గొంతు రికార్డు చేసి, మాటల చివర ‘ఉ’ తోకలు లెక్కపెట్టండి. మర్నాడు మళ్లీ లెక్కపెట్టండి.
* ఒక లైన్ తీసుకుని మీకు రోజూ అవసరమయ్యే మాటలతో మార్చండి. రాగంతో, తర్వాత చప్పట్లతో, తర్వాత మామూలుగా.
* అదే వాక్యాన్ని ఆ రోజే ఒక మనిషితో వాడండి. ఫ్రెండ్ అయినా పర్లేదు. ఈ ఒక్క పని ఎగ్గొడితే పై ఐదూ టైంపాసే.

ఎలా వెళ్లాలి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లి, అక్కడ హయత్‌నగర్ మీదుగా హైవే మీద పోయే బస్సు ఎక్కొచ్చు. బండి మీదైతే హైవే దారి తిన్నగా ఉంటుంది కానీ లారీలు ఎక్కువ, హెల్మెట్ మర్చిపోకండి. పండ్ల మార్కెట్ చూడాలంటే తెల్లవారే వెళ్లాలి, మామిడి సీజన్ అయితే ఇంకా మంచిది. ఎండ ముదిరితే సగం సందడి అయిపోతుంది. వేలం జరిగే చోట దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు తీయకండి, నెత్తిన బరువుతో వచ్చే హమాలీలకి ఇబ్బంది. ఒక పక్కన చాయ్ తాగుతూ కళ్లు మూసుకుని వినండి. తెలుగు, హిందీ, ఉర్దూ కలగలిసి పోటెత్తుతుంటాయి. ఈ భాషల్లో కొన్నింటిని ఇక్కడివాళ్లు ఏ కోచింగ్‌లోనూ నేర్చుకోలేదు. పక్కవాళ్లు అంటుంటే విని, తామూ అనేసి, అవసరం కొద్దీ పట్టుకున్నవే.

వచ్చే శనివారం పిల్లాడి తల్లి క్లాసుకి రావట్లేదట. ఆ రోజు బడిలో పేరెంట్స్ మీటింగ్ ఉంది.